ఫ్రెడరిక్ లెక్క 936

పోయినేడు అక్టోబరులో ఒక శనివారం పొద్దున్న వాకిట్లో రాలిన ఆకులు ఊడుస్తున్నాను. మా వీధి చివరింటి గారేజీ ముందు గ్యాసు పొయ్యి వెలుగుతోంది. దాని మీద చిన్న ఇనప గిన్నె. ఆ ఇంటి పెద్దాయన తోలు గ్లోవ్స్, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని గరిటెతో ఏదో కలుపుతున్నారు. పార్సిప్పనీలో మా చుట్టుపక్కల చాలా ఇళ్ళు మనవాళ్ళవే కాబట్టి, ఆరుబయట పొయ్యి కనబడితే నాకు ముందు గుర్తొచ్చేది వంటలే. దగ్గరికెళ్ళి చూస్తే గిన్నెలో వెండిలా మెరుస్తున్నది సీసం.

ఆయన రిటైరయ్యేదాకా లేత్ మెషీన్ల మీద పనిచేశారు. ఇప్పుడు సరదా ఏమిటంటే, పద్ధెనిమిదో శతాబ్దపు మోస్తరు తుపాకీతో కాగితం గురి మీద కాల్చడం. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన గుండ్రటి సీసపు గుండు పెట్టి, కడ్డీతో లోపలికి దట్టించి పేల్చే తుపాకీ అది. దానికి కావాల్సిన గుండ్లు ఆయనే పోసుకుంటారు.

మనం దీపావళికి కొనుక్కునే మందుగుండు సామానులో గుండు ఎక్కడుందని ఎప్పుడైనా ఆలోచించారా? నాకైతే ఆ రోజే తట్టింది. మందు వేరు, గుండు వేరు. రెంటినీ విడివిడిగా గొట్టంలోకి దింపిన కాలంలో పుట్టిన మాట అది. తుపాకులు మారిపోయాయి, మాట మాత్రం చిచ్చుబుడ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

నాకు సీసం కొత్త కాదు. మాది గోదావరి పక్క ఊరు. వలల అంచున కట్టే సీసపు గుళ్ళు మా రేవులోనే పోసేవారు. పాత బ్యాటరీలు పగలగొట్టి తీసిన సీసం, పగిలిన మూకుట్లో కరిగించి మట్టి అచ్చులో పోయడమే. మేం పిల్లలం ఆ గుళ్ళు పళ్ళ మధ్య పెట్టుకుని నొక్కేవాళ్ళం. మెత్తగా దిగబడేవి, పంటి గాట్లు పడేవి. ఎవరి గాటు లోతుగా పడితే వాడు గొప్ప. ఈ సంగతి మళ్ళీ చివర్లో వస్తుంది.

వల గుళ్ళు ఒకటి కాస్త లావు, ఒకటి కాస్త సన్నం అయినా చేపకి పట్టింపు లేదు. పెద్దాయన గుండ్లకి అలా కుదరదు. ఆయన పని చూస్తూ రెండు గంటలు అక్కడే నిలబడిపోయాను.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆయన దాన్ని ఇంకో అరవై డెబ్భై డిగ్రీలు పైన ఉంచుతారు. చిన్న మైనం ముక్క వేసి కలిపితే మడ్డి పైకి తేలుతుంది, దాన్ని గరిటెతో తీసేస్తారు. దగ్గర్లో నీటి చుక్క ఉండకూడదు. కరిగిన సీసంలో ఒక్క చుక్క పడినా ఆవిరై పేలి, సీసం మొహం మీదికి చిమ్ముతుంది. అచ్చు పట్టకారులా రెండు పిడులున్న లోహపు దిమ్మ. రెండు సగాలు మూస్తే లోపల గుండ్రటి ఖాళీ, పైన పోయడానికి చిన్న కన్నం. మొదట పోసిన పదీ పదిహేను గుండ్లు ముడతలు పడి వచ్చాయి. అచ్చు ఇంకా వేడెక్కలేదన్నమాట. అవన్నీ తిరిగి గిన్నెలోకే. అచ్చు మరీ వేడెక్కితే గుండు మీద బూడిద రంగు మంచులాంటి పొర వస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉండాలి.

"మధ్యలో ఉంచడం ఎలా?" అని అడిగాను.

"ఆగకుండా ఒకే వేగంతో పోయాలి. కబుర్లు చెబుతూ ఆగితే అచ్చు చల్లారుతుంది" అన్నారు, నన్ను ఒక చూపు చూసి.

నాకు అర్థమైంది. నేను తెలుగు టైపింగు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఒక ఊపులో కొడితే వచ్చే తప్పులకంటే ఆగి ఆగి కొడితే వచ్చే తప్పులే ఎక్కువ.

ఇంకొక కిటుకు ఉంది. సీసం గడ్డకడుతూ కుంచించుకుపోతుంది. అచ్చు నిండగానే పోయడం ఆపేస్తే, కుంచించుకునేటప్పుడు లోపల బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది. అందుకే కన్నం పైన కూడా కాస్త సీసం నిలిచేలా పోస్తారు. లోపల తరిగినకొద్దీ అది దిగి పూడుస్తుంది. గట్టిపడ్డాక ఆ తొడిమని కోసేస్తారు. తొడిమ కోసిన చోట గుండు మీద చిన్న చదును మచ్చ మిగులుతుంది. తుపాకీలో పెట్టేటప్పుడు ఆ మచ్చని ఎప్పుడూ పైకే ఉంచుతారట. లోపం పూర్తిగా పోగొట్టలేనప్పుడు దాన్ని ప్రతిసారీ ఒకే చోట ఉంచడం కూడా ఒక పద్ధతే.

చల్లారాక అసలు పని మొదలు. ఒక్కో గుండూ డిజిటల్ త్రాసులో తూచాలి. ఆయన తుపాకీ గొట్టం అరంగుళం. గుండు వ్యాసం 0.490 అంగుళాలు. అంత గోళం మేలిమి సీసంతో చేస్తే 177 గ్రెయిన్లు తూగాలి. గ్రెయిన్ అంటే ధాన్యపు గింజ. మన కంసాలికి గురిగింజ ఎలాగో వాళ్ళకి అది అలాగ. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌండు. నేను ఊరుకోలేక ఫోన్‌లో లెక్క కట్టాను. గుండు ఒక్క గ్రెయిన్ తక్కువ తూగితే, దాని లోపల రెండు మిల్లీమీటర్ల పైచిలుకు బుడగ ఉండి ఉండవచ్చు. పైకి చూస్తే నున్నగా, గుండ్రంగా, పక్కదానిలాగే ఉంటుంది. బుడగ నడిమధ్యలో ఉంటే కొంత నయం. ఒక పక్కకి ఉంటే బరువు కేంద్రం జరిగిపోతుంది. గిరగిరా తిరుగుతూ వెళ్ళే గుండు ఊగుతుంది, గురి తప్పుతుంది. కంటికి కనపడనిది త్రాసుకి తెలుస్తుంది. తక్కువ తూగినవాటిని ఆయన తిరిగి గిన్నెలో వేశారు.

"వాన చినుకులా పైనుంచి వదిలితే తనే గుండ్రంగా అవుతుంది కదా, అచ్చెందుకు?" అన్నాను, తలతన్యత పాఠం గుర్తొచ్చి. అలా చేశారట. ఇంగ్లండులోని బ్రిస్టల్ ఊళ్ళో విలియం వాట్స్ అనే ఆయన 1782లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఎత్తయిన గోపురం మీద జల్లెడలోంచి సీసం వదిలితే చుక్కలు దారిలోనే గుండ్రమై కిందున్న నీళ్ళలో పడేవి. కానీ అది పిట్టల్ని కొట్టే చిన్న రవ్వలకి పనికొచ్చింది. అరంగుళం గుండు అంత దూరంలో గట్టిపడదు, గుండ్రంగానూ నిలవదు. పెద్ద గుండుకి అచ్చే దిక్కు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఆయనది రైఫిల్. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. గుండు చుట్టూ నూనె రాసిన గుడ్డపేలిక చుట్టి బిగుతుగా దింపుతారు. గాడులు పేలికని పట్టుకుంటాయి, పేలిక గుండుని పట్టుకుని తిప్పుతుంది. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ కమ్మరులు ఇలాంటి పొడుగు తుపాకులు చేసేవారు. ఒక్కొక్క గొట్టం ఒక్కో కొలత. అందుకని తుపాకీతోపాటు దానికి సరిపోయే అచ్చు కూడా చేసి ఇచ్చేవారు. ఒకరి అచ్చులో పోసిన గుండు ఇంకొకరి తుపాకీకి పనికిరాకపోవచ్చు. సైన్యాన్ని ఆ పద్ధతిలో నడపడం కష్టం.

సైన్యం అనగానే నా ఆలోచన మోరిస్‌టౌన్ మీదికి పోయింది. మా ఇంటి నుంచి కారులో పావుగంట. 1779 డిసెంబరు నుంచి మర్నాటి జూన్ దాకా వాషింగ్టన్ అక్కడ ఫోర్డ్ వారింట్లో మకాం వేశాడు. పదివేలకి పైగా సైనికులు దగ్గర్లోని జాకీ హాలోలో దుంగలతో గుడిసెలు కట్టుకుని, ఆ శతాబ్దంలోకెల్లా ఘోరమైన చలికాలాన్ని గడిపారు. ఆ ఇల్లు కట్టించిన జేకబ్ ఫోర్డ్ 1776లో విపనీ నది మీద తుపాకీ మందు మిల్లు పెట్టాడు. మా మోరిస్ కౌంటీ కొండల్లో ఇనుముంది. మౌంట్ హోప్, హైబర్నియా కొలుముల్లో ఫిరంగి గుండ్లు పోశారు. అంటే మందు ఉంది, ఇనుము ఉంది. లేనిది సీసం. వర్జీనియాలో చిస్వెల్ గనులున్నాయి గానీ అక్కడి సీసం చాలేది కాదు. మిగతాది ఓడల్లో రావాలి, లేదా ఊళ్ళోనే వెతుక్కోవాలి.

అలా వెతుక్కున్న సీసంలో ఒక వాటా ఎక్కడిదో నాకు ముందే తెలుసు. తెలుసనే సంగతి నాకు తెలియదు, అంతే.

నేను ఒక ప్రాజెక్టు కోసం రెండేళ్ళు మన్‌హట్టన్ దక్షిణపు కొసకి బస్సు, సబ్‌వే పట్టుకుని వెళ్ళేవాణ్ణి. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని బౌలింగ్ గ్రీన్ పార్కు బెంచీ మీద తినేవాణ్ణి. ఆ పార్కు చుట్టూ 1771 నాటి ఇనప కంచె ఇప్పటికీ ఉంది. స్తంభాల తలలు రంపంతో కోసినట్టు మొండిగా ఉంటాయి. వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. లోపల ఒకప్పుడు మూడో జార్జి రాజు గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఉండేది. లండన్ శిల్పి జోసెఫ్ విల్టన్ చేసినది, 1770లో నిలబెట్టారు. పైన బంగారు పూత, లోపలంతా సీసం. 1776 జూలై 9న స్వాతంత్ర్య ప్రకటన సైనికులకి చదివి వినిపించారు. ఆ సాయంత్రమే జనం వెళ్ళి తాళ్ళు కట్టి విగ్రహాన్ని లాగి పడేశారు. ఈ అల్లరి వాషింగ్టన్‌కి నచ్చలేదు. మర్నాడు ఉత్తర్వులో మందలించాడు కూడా. సీసం మాత్రం వృథా కానివ్వలేదు.

విగ్రహాన్ని ముక్కలు చేసి, ఓడలో నార్వాక్‌కి, అక్కణ్ణుంచి ఎడ్లబళ్ళ మీద కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ ఊరికి చేర్చారు. అక్కడ ఆలివర్ వోల్కాట్ ఇల్లుంది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఆయన ఒకడు. ఆ ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు, ఇరుగుపొరుగువాళ్ళు కలిసి రాజుగారిని కరిగించి తూటాలు చేశారు. వోల్కాట్ ఎవరెన్ని చేశారో లెక్క రాసి ఉంచాడు. ఆ కాగితం పోకుండా మిగిలింది.

లెక్క ఇది. మిసెస్ మార్విన్ 6,058. రూత్ మార్విన్ 11,592. వోల్కాట్ పెద్దకూతురు లారా 8,378. చిన్నకూతురు మేరీ ఆన్ 10,790. కొడుకు ఫ్రెడరిక్ 936. మిసెస్ బీచ్ 1,802. ఇతరులు చేసినవి 2,182. హడావిడిగా ఊరి దళానికి ఇచ్చినవి 50. ఒక రెజిమెంటుకి ఇచ్చినవి 300. మొత్తం 42,088.

వృత్తి దోషం, కూడి చూశాను. సరిపోయింది. లోపలి పద్దులు కూడా చూశాను. పన్నెండేసి తూటాలు ఒక కట్ట. రూత్ పాత పద్దు 6,204, కొత్తగా 449 కట్టలు. 449ని పన్నెండుతో గుణిస్తే 5,388. రెండూ కలిపితే 11,592. ఫ్రెడరిక్ పాత పద్దు 708, కొత్తవి 19 కట్టలు, అంటే 228. మొత్తం 936. ఎక్కడా ఒక్కటి అటూ ఇటూ లేదు. రాజద్రోహానికి ఉరి తీస్తారని తెలిసి కూడా ఇంత శ్రద్ధగా పద్దు రాసిన మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

లారాకి అప్పుడు సుమారు పదిహేనేళ్ళు. మేరీ ఆన్‌కి పదకొండు. ఫ్రెడరిక్‌కి ఎనిమిది. తూటా అంటే గుండు, మందు కలిపి కాగితంలో చుట్టిన పొట్లం. ఎవరు సీసం పోశారో, ఎవరు కాగితం చుట్టారో ఆ పద్దులో విడిగా లేదు.

బరువు లెక్క కూడా వేశాను. విగ్రహంలో నాలుగు వేల పౌండ్ల సీసం ఉందని ఆ కాలంవాళ్ళు చెప్పుకున్నారు. ఇంగ్లీషు మస్కెట్‌కి వాడే 0.69 అంగుళాల గుండు పౌండుకి సుమారు పద్నాలుగు తూగుతుంది. ఆ చొప్పున 42,088 గుండ్లకి మూడు వేల పౌండ్లు చాలు. ఫ్రెంచి మస్కెట్‌కి సరిపోయే చిన్న గుండయితే ఇంకా తక్కువే. మిగతా వెయ్యి పౌండ్లు ఏమయ్యాయి? దారిలో విల్టన్ అనే ఊరి దగ్గర రాజు పక్షం వాళ్ళు కొన్ని ముక్కలు ఎత్తుకుపోయారంటారు. నిజంగానే పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఊరి బురదనేలలో గుర్రం తోక దొరికింది. ఇప్పుడది న్యూయార్క్ హిస్టారికల్ అనే మ్యూజియంలో ఉంది.

నన్ను చాలా రోజులు వేధించిన ప్రశ్న వేరే. మా పెద్దాయన యాభయ్యేళ్ళు లోహంతో పనిచేసిన మనిషి. చేతిలో థర్మామీటరు, త్రాసు ఉన్నాయి. అయినా గిన్నెలోకి వెనక్కి పంపేవి కొన్ని ఉంటూనే ఉన్నాయి. ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతి పని సైన్యానికి ఎలా పనికొచ్చింది?

జవాబు మస్కెట్ గొట్టంలో ఉంది. దాంట్లో గాడులు లేవు, నున్నటి గొట్టం. ఇంగ్లీషు మస్కెట్ గొట్టం 0.75 అంగుళాలు, గుండు 0.69. చుట్టూ కలిపి మిల్లీమీటరున్నర సందు. నల్లమందు కాలితే మసి పేరుకుంటుంది. బిగుతు గుండయితే నాలుగైదు సార్లు కాల్చేసరికి లోపలికి దిగదు. అందుకని కావాలనే వదులుగా చేశారు. వదులు కాబట్టి నిమిషానికి మూడుసార్లు నింపి కాల్చవచ్చు. వదులు కాబట్టే గురి ఉండదు. గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుకుంటూ బయటపడి, వంద గజాలు దాటాక దాని దారిన అది పోతుంది. దానికి విరుగుడుగా సైనికుల్ని వరసల్లో నిలబెట్టి అందరిచేతా ఒకేసారి కాల్పించారు. ఒక్క గుండు తప్పుతుంది. అయిదు వందల్లో కొన్ని తగులుతాయి.

ఆ మిల్లీమీటరున్నర సందులోంచే లిచ్‌ఫీల్డ్ పెరడు యుద్ధంలోకి వచ్చింది. కాస్త ముడత, కాస్త బుడగ, సరిగ్గా కోయని తొడిమ, అన్నీ ఆ సందులో ఇమిడిపోయాయి. సైన్యం మస్కెట్లకి బదులు అందరికీ రైఫిళ్ళిచ్చి ఉంటే, గుండ్లు పోయడానికి నేర్పరులే కావాలి. వాళ్ళు ఎందరున్నారు? మస్కెట్ అయితే అచ్చు, గరిటె, ఓపిక ఉన్న ప్రతి ఇల్లూ కార్ఖానాయే. మా వృత్తిలో కూడా ఎంత తేడాని ఓర్చుకోవాలో ముందే నిర్ణయించుకుంటే ఎక్కువ చేతులు పనిలోకి వస్తాయి. కాకపోతే మేం తప్పు చేస్తే వెబ్‌సైటు పడిపోతుంది. ఇక్కడ పని సవ్యంగా జరిగితే మనిషి పడిపోతాడు.

పడినచోటు మా రాష్ట్రంలోనే ఉంది. న్యూజెర్సీలోని మన్‌మత్‌లో 1778 జూన్ 28న పెద్ద యుద్ధం జరిగింది. ఆ పొలాల్లో డాన్ సివిలిచ్ అనే పరిశోధకుడూ, ఆయన బృందమూ ఏళ్ళ తరబడి లోహ పరికరాలతో వెతికి వేలకొద్దీ గుండ్లు తీశారు. చాలావాటికి ఆకారం లేదు. చెట్టుకో, రాయికో, ఎముకకో తగిలి చదునైపోయాయి. మరి అది ఏ కొలత గుండో ఎలా తెలుస్తుంది? సివిలిచ్ ఒక సూత్రం కట్టాడు. గ్రాముల్లో బరువుకి ఘనమూలం తీసి 0.223204తో గుణిస్తే, అంగుళాల్లో అసలు వ్యాసం వస్తుంది. ఆకారం పోయినా బరువు పోదు కదా. 0.69 దగ్గర వస్తే ఇంగ్లీషు మస్కెట్‌ది, 0.63 దగ్గర వస్తే అమెరికన్లు ఎక్కువగా వాడిన ఫ్రెంచి మస్కెట్‌ది అని ఒక అంచనాకి రావచ్చు.

ఆ సంఖ్యని వెనక్కి లెక్కగట్టి చూశాను. మేలిమి సీసం సాంద్రత 11.34 అయితే సూత్రంలో 0.217 రావాలి. 0.223 రావాలంటే సాంద్రత 10.5 కంటే కొంచెం తక్కువ ఉండాలి. అంటే ఆ కాలపు గుండ్లు సగటున ఏడెనిమిది శాతం తేలిక. కల్తీ లోహాలు కొంత, లోపలి బుడగలు కొంత. మా పెద్దాయన త్రాసులో పట్టుకున్న లోపాలే అవి. ఆయన గిన్నెలోకి వెనక్కి పంపినవాటిని వాళ్ళు యుద్ధానికి పంపారు.

మన్‌మత్ గుండ్ల లోహాన్ని మిగిలిన విగ్రహపు ముక్కలతో పరికరాల మీద పోల్చి చూసి, కొన్ని సరిపోలాయని చెప్పారు. అవి లారా చేసినవో, రూత్ చేసినవో ఎవరూ చెప్పలేరు. ఎవరికి తగిలాయో కూడా. చేసినవాళ్ళ పద్దు ఒక్కటి కూడా తప్పకుండా ఉంది. తగిలినవాళ్ళ పద్దు ఎవరూ రాయలేదు.

ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను. దానికీ ఎనిమిదేళ్ళే. విన్నాక ఊరుకుంటుందా? "నేనూ పోస్తా నాన్నా" అంది. కుదరదన్నాను. న్యూజెర్సీలో పిల్లలకి ఏడాదికీ, రెండేళ్ళకీ రక్తంలో సీసం ఉందేమోనని పరీక్ష చేస్తారు. దానికి పరీక్ష చేసిన రోజున సూది గుచ్చితే అది ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. పాత ఇళ్ళ రంగులో ఉండే సీసం పిల్లల మెదడుకి ఏం చేస్తుందో డాక్టరు ఇచ్చిన కాగితం చదివి, గోదావరి రేవులో నేను పళ్ళ కింద నొక్కిన గుళ్ళన్నీ ఆ రాత్రి వరసగా గుర్తొచ్చాయి. పిల్లల రక్తంలో ఇంతవరకూ ఫరవాలేదు అనే హద్దు సీసానికి లేదట. అక్కడ మస్కెట్ సందులాంటి వెసులుబాటు ఏమీ లేదు.

"మరి ఫ్రెడరిక్‌కి బ్లడ్ టెస్ట్ చేశారా?" అని అడిగింది.

లేదన్నాను. వాడు పెరిగి పెద్దవాడై, అదే లిచ్‌ఫీల్డ్‌లో జడ్జి అయ్యాడు, డెబ్భయ్యేళ్ళకి కొంచెం ముందు 1837లో పోయాడు. "అయితే వాడికేం కాలేదు" అంది. దానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. నాకూ ఏం కాలేదనే అనుకుంటున్నాను.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మరుసటి శనివారం గారేజీలో నేను గ్లోవ్స్ వేసుకుని తూచాను. అది బయట, గాలి వచ్చే వైపు, దూరంగా కుర్చీలో కూర్చుని నేను చెప్పిన అంకెలు లాప్‌టాప్‌లో టైపు చేసింది. వంద గుండ్లు. పదకొండు తక్కువ తూగాయి, గిన్నెలోకి వెళ్ళాయి. మొత్తం సరిచూసుకుని, పట్టిక కింద తన పేరు కూడా టైపు చేసింది. ఎందుకని అడిగితే, వోల్కాట్ అలాగే రాశాడు కదా అంది.

ఇంటికొచ్చి ఇద్దరం రెండేసి సార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాం. అది గుండ్లని ముట్టుకోనేలేదు, అయినా కడిగించాను.